రెండు టర్మ్ షీట్లు (ఇన్వెస్టర్ షరతుల కాగితాలు) వచ్చాయి, ఒకటి 15 మిలియన్ ఇంకోటి 20 మిలియన్ వాల్యుయేషన్. పెద్దదే తీసుకోవాలా?

రెండోఫౌండర్:

అందరికీ నమస్తే. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, గోడౌన్లు నడిపేవాళ్ళకి స్టాక్ లెక్కలు చూసే టూల్, నెలవారీ సబ్‌స్క్రిప్షన్. ఇద్దరం ఫౌండర్లం, నేను కోడ్ వైపు, పార్ట్‌నర్ సేల్స్ వైపు. ఇప్పటిదాకా బయటి డబ్బు రూపాయి కూడా తీసుకోలేదు, ఇప్పుడు 3 మిలియన్ డాలర్లు రెయిజ్ చేద్దామని తిరిగితే రెండు టర్మ్ షీట్లు చేతికొచ్చాయి.

మొదటిది: ప్రీ మనీ (డబ్బు రాకముందు కంపెనీ విలువ) 12 మిలియన్, పోస్ట్ మనీ (డబ్బు వచ్చాక విలువ) 15. లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్మితే ఇన్వెస్టర్ అందరికన్నా ముందు తీసుకునేది) 1ఎక్స్ అంటే పెట్టినంత, నాన్ పార్టిసిపేటింగ్. ఆప్షన్ పూల్ (ఉద్యోగులకి ఇవ్వడానికి పక్కనపెట్టే షేర్లు) 10 శాతం.

రెండోది: ప్రీ మనీ 17, పోస్ట్ మనీ 20. ప్రిఫరెన్స్ 2ఎక్స్, పార్టిసిపేటింగ్, క్యాప్ (పరిమితి) లేదు. పూల్ 15 శాతం.

రెండిట్లోనూ పూల్ ప్రీ మనీలోంచే తియ్యాలంట. మా పార్ట్‌నర్ రెండోదానికి ఫిక్స్ అయిపోయాడు, 20 మిలియన్ కంపెనీ అని చెప్పుకుంటే మనుషుల్ని తీసుకోవడానికి బాగుంటుంది, పైగా మన చేతిలోంచి పోయేది 15 శాతమే, అక్కడ 20 పోతుంది అంటాడు. వినడానికి కరెక్టే అనిపిస్తుంది, కానీ ఈ ప్రిఫరెన్స్ గొడవ నాకు సగమే అర్థమైంది.

ఇంకోటి. పోయిన ఏడాది మాకు మొత్తం 1.4 మిలియన్ వచ్చింది. అందులో 5 లక్షలు సెటప్ ఫీజులు, అడిగినవాళ్ళకి చేసిపెట్టిన కస్టమ్ పనులు, మిగతా 9 లక్షలు సబ్‌స్క్రిప్షన్. ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ నెలకి 90 వేలు నడుస్తోంది. పార్ట్‌నర్ 1.4 అని చెప్దాం అంటాడు, మొదటి ఇన్వెస్టర్ మాత్రం మీ ఏఆర్ఆర్ (ఇప్పటి సబ్‌స్క్రిప్షన్‌ని ఏడాదికి లెక్కేసిన అంకె) 1.08 అని ముఖం మీదే చెప్పాడు. ఎవరిది రైట్?

క్యాప్‌టేబుల్‌పిచ్చోడు:

బ్రో ముందు వాటా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ పార్ట్‌నర్ వాదన అక్కడే కూలిపోతుంది. మొదటిదాంట్లో ఇన్వెస్టర్‌కి 20, పూల్‌కి 10, మీ ఇద్దరికి 70. రెండోదాంట్లో ఇన్వెస్టర్‌కి 15, పూల్‌కి 15, మీ ఇద్దరికి మళ్ళీ 70. అంతే. 5 శాతం తక్కువ తీసుకున్నట్టు కనిపించి ఆ 5 శాతాన్నే పూల్ పేరుతో మీ జేబులోంచి లాగాడు. పూల్ ప్రీ మనీలోంచి అంటే అర్థం అదే, కొత్త ఇన్వెస్టర్ దాంట్లో పైసా వాటా వదులుకోడు, మొత్తం మీరే భరిస్తారు. వాళ్ళు 17 ప్రీ మనీ అంటున్నది నిజానికి మీ ఇద్దరి షేర్లకి కట్టిన విలువ 14, ఇంకో 3 ఇంకా ఉద్యోగంలో చేరని మనుషుల పేరు మీద ఉంది.

ఇప్పుడు అసలు విషయం. కంపెనీ అమ్మేసినప్పుడు ఎవడికెంత వస్తుందో చూడండి.

10 మిలియన్‌కి అమ్మారనుకుందాం. మొదటిదాంట్లో ఇన్వెస్టర్ రెండు దార్లలో ఒకటి ఎంచుకోవాలి, తన 3 మిలియన్ వెనక్కి తీసుకోవడమా లేకపోతే మామూలు షేర్లలోకి మారి 20 శాతం అంటే 2 మిలియన్ తీసుకోవడమా. 3 తీసుకుంటాడు, మిగతా అందరికీ 7. రెండోదాంట్లో ముందు పెట్టినదానికి రెండింతలు, అంటే 6 పక్కకి పోతుంది, మిగిలిన 4 లో మళ్ళీ 15 శాతం, అంటే ఇంకో 6 లక్షలు. మొత్తం 6.6 వాడికి, మీకందరికీ కలిపి 3.4.

20 మిలియన్‌కి అమ్మితే, అంటే ఇవాళ వాళ్ళే కట్టిన ఆ గొప్ప వాల్యుయేషన్‌కే అమ్మితే, మొదటిదాంట్లో వాడికి 4 మీకు 16, రెండోదాంట్లో వాడికి 8.1 మీకు 11.9. చూశారా, 20 మిలియన్ కంపెనీ అన్నవాడే 20 మిలియన్‌కి అమ్మితే 15 శాతం వాటాకి 40 శాతం డబ్బు పట్టుకెళ్తాడు.

సరే ఎంత పెద్దగా అమ్మితే రెండోది ఇన్వెస్టర్ కాక మిగతా మీకందరికీ కలిపి లాభం? లెక్కేస్తే 102 మిలియన్ దగ్గర రెండూ సమానం అవుతాయి. దాని కింద ఏ రేటుకి అమ్మినా మొదటిదే మేలు. ఈ రౌండ్‌లో 20 మిలియన్ అని గొప్పగా చెప్పుకోవాలంటే ముందు 102 మిలియన్‌కి అమ్మి చూపించాలి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

పార్ట్‌నర్‌కి మాటల్తో చెప్తే ఎక్కదు, స్ప్రెడ్‌షీట్ తెరిచి ఒక కాలమ్‌లో అమ్మకం ధర, పక్కన రెండు కాలమ్స్‌లో మీకొచ్చేది వేసి చూపించండి.

పాతలెడ్జర్:

పై లెక్క బానే ఉంది, ఒక చిన్న సవరణ. అమ్మే రోజుకి ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయిన పూల్ షేర్లు సాధారణంగా పంపకంలోకి రావు, అవి లేనట్టే లెక్క. పూల్ మొత్తం వాడలేదు అనుకుంటే ఆ 102 కాస్తా 108 అవుతుంది. మధ్యలో ఎక్కడైనా పడొచ్చు. దీనివల్ల నిర్ణయమేమీ మారదులెండి.

నేను రెవెన్యూ ప్రశ్నకి వస్తా, నా మటుకు మీ పోస్టులో అదే ముఖ్యం. మొదటి ఇన్వెస్టర్‌దే రైట్. 90 వేలు ఇంటూ 12, 1.08 మిలియన్. సెటప్ ఫీజు మళ్ళీ వచ్చే ఏడాది అదే కస్టమర్ కట్టడు, కస్టమ్ పని మళ్ళీ మనుషుల్ని కూర్చోబెట్టి చేస్తేనే వస్తుంది. అవి రెవెన్యూ కాదని కాదు, మంచి రెవెన్యూనే, జీతాలకి పనికొస్తుంది, కానీ దానికి సాఫ్ట్‌వేర్ మల్టిపుల్ (రెవెన్యూకి ఇన్ని రెట్లు అని కట్టే విలువ) ఎవడూ కట్టడు. ఎందుకంటే సబ్‌స్క్రిప్షన్‌లో పదో కస్టమర్‌కీ వందో కస్టమర్‌కీ అయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ, సర్వీస్ పనిలో కస్టమర్ పెరిగితే మనిషి పెరగాలి. అందుకే గ్రాస్ మార్జిన్ (సర్వీస్ ఇవ్వడానికయ్యే ఖర్చు పోగా మిగిలేది) అడుగుతారు. ఈమధ్య టూల్ లోపల ఏఐ మోడల్ పెట్టేవాళ్ళకి ఇంకో తలనొప్పి, కస్టమర్ ఎంత ఎక్కువ వాడితే మోడల్ బిల్లు అంత పెరుగుతుంది, అప్పుడు పేరుకి సబ్‌స్క్రిప్షన్ అయినా మార్జిన్ మాత్రం సర్వీస్ కంపెనీలా కనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఏఆర్ఆర్‌కి అకౌంటింగ్ రూల్స్‌లో నిర్వచనం లేదు. రెవెన్యూకి ఉంది. కస్టమర్ ఏడాది డబ్బు ముందే కడితే అది వచ్చిన రోజే రెవెన్యూ అయిపోదు, నెలనెలా సర్వీస్ ఇస్తున్నకొద్దీ పన్నెండో వంతు చొప్పున రెవెన్యూలోకి వస్తుంది, మిగతాది డిఫర్డ్ రెవెన్యూ అనే పేరుతో బ్యాలెన్స్ షీట్‌లో బాకీల వైపు కూర్చుంటుంది, డబ్బు మాత్రం బ్యాంకులో ఉంటుంది. సంతకం పెట్టిన కాంట్రాక్టు విలువ బుకింగ్స్, ఇన్‌వాయిస్ వేసింది బిల్లింగ్స్, ఏఆర్ఆర్, రెవెన్యూ, బుకింగ్స్, బిల్లింగ్స్ నాలుగూ నాలుగు వేరు వేరు అంకెలు, డెక్‌లో (ఇన్వెస్టర్‌కి చూపే స్లైడ్లలో) ఏది పెద్దగా ఉంటే దాన్ని ఏఆర్ఆర్ అని రాసేవాళ్ళని బోలెడుమందిని చూశా. డ్యూ డిలిజెన్స్‌లో (డబ్బు పెట్టేముందు చేసే తనిఖీలో) ఇన్‌వాయిస్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అడుగుతారు, అప్పుడు పైన పటారం లోన లొటారం అని బయటపడితే ధర తగ్గించడంతో ఆగరు, నమ్మకం పోయి డీలే పోతుంది. 1.08 అనే చెప్పండి, పక్కన సర్వీసెస్ 5 లక్షలు అని విడిగా రాయండి.

అలా అని ఏఆర్ఆర్ పనికిమాలిన అంకె కాదు. 2013లో అడోబీ తన సాఫ్ట్‌వేర్‌ని డబ్బాలో అమ్మడం ఆపి సబ్‌స్క్రిప్షన్‌కి మారినప్పుడు ఆ ఏడాది రెవెన్యూ 4.4 బిలియన్ నుంచి 4 బిలియన్ చిల్లరకి పడింది. రెవెన్యూ లైన్ ఒక్కటే చూసినవాడికి వ్యాపారం దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది, కానీ ఒకేసారి వచ్చే డబ్బు నెలనెలా వచ్చే డబ్బుగా మారుతోంది అని ఏఆర్ఆర్ చూసినవాడికి అర్థమవుతుంది.

మీరు చెప్పనిది ఒకటుంది, చర్న్ (వెళ్ళిపోయే సబ్‌స్క్రిప్షన్ డబ్బు) ఎంత? పెద్ద కస్టమర్ వాటా ఎంత?

రెండోఫౌండర్:

థాంక్స్ అండి ఇద్దరికీ, స్ప్రెడ్‌షీట్ చేసి పార్ట్‌నర్‌కి పంపించా, ఇంకా రిప్లై లేదు. చర్న్ నెలకి 3 శాతం, తక్కువే కదా అనుకుంటున్నాం. పెద్ద కస్టమర్ ఒకరే సబ్‌స్క్రిప్షన్‌లో పావు వంతు దాకా ఉంటారు.

పాతలెడ్జర్:

నెలకి 3 తక్కువ కాదండి. 0.97 ని పన్నెండు సార్లు గుణించి చూడండి, 0.69 వస్తుంది. ఏడాది మొదట్లో ఉన్న సబ్‌స్క్రిప్షన్ డబ్బులో ఏడాది చివరికి 31 శాతం వెళ్ళిపోతుంది. మీ 1.08 లో 3.3 లక్షలు కొత్తగా తెస్తే గానీ ఉన్నచోట ఉండలేరు. అదే నెలకి 1 శాతం అయితే ఏడాదికి 11 పోతుంది, అక్కడ రెండు కంపెనీలు పూర్తిగా వేరు అయిపోతాయి, ఏఆర్ఆర్ ఒకటే అయినా.

ఉన్న కస్టమర్లు ఎక్కువ యూజర్లని చేర్చడం, పెద్ద ప్లాన్‌కి మారడం కూడా కలిపి చూసేదాన్ని నెట్ రెవెన్యూ రిటెన్షన్ అంటారు, అది 100 దాటితే కొత్త కస్టమర్ ఒక్కడూ రాకపోయినా రెవెన్యూ పెరుగుతుందన్నమాట. మీ కస్టమర్లని చేరిన బ్యాచ్‌లవారీగా తీసి చూడండి, ఒక్కోసారి చిన్న కస్టమర్లు వెళ్ళిపోతుంటారు పెద్దవాళ్ళు పెరుగుతుంటారు, అప్పుడు 3 శాతం అనే సగటు అబద్ధం చెప్తుంది. ఇన్వెస్టర్ అడగకముందే మీ దగ్గర ఆ టేబుల్ ఉండాలి.

పావు వంతు ఒకే కస్టమర్ అంటే ఆ కాంట్రాక్టు ఎప్పుడు రెన్యూవల్‌కి వస్తుందో అదే మీ అసలు వాల్యుయేషన్.

సొంతసొమ్ము:

అందరూ ఏ టర్మ్ షీట్ అని కొట్టుకుంటున్నారు, అసలు వీసీ (వెంచర్ ఫండ్) డబ్బు ఎందుకు అని ఎవరూ అడగట్లేదు. నేను బయటి డబ్బు లేకుండా నడిపేవాణ్ణి కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటుంది, తీసేసుకోండి. కానీ అవతలివాడి లెక్క తెలుసుకుని సంతకం పెట్టండి.

100 మిలియన్ ఫండ్ అనుకోండి. మామూలు పద్ధతి ఏడాదికి 2 శాతం ఫీజు, లాభంలో 20 శాతం, ఫండ్ ఆయుష్షు పదేళ్ళు. వాడు మీ కంపెనీలో 20 శాతం కొన్నాడు. తర్వాత మూడు రౌండ్లు, రౌండ్‌కి 20 శాతం చొప్పున పలచబడితే ఆ 20 కాస్తా 10 చిల్లర అవుతుంది. ఆ ఒక్క కంపెనీ ఫండ్ మొత్తాన్ని వెనక్కి తేవాలంటే దాదాపు బిలియన్ డాలర్లకి అమ్ముడుపోవాలి. ఫండ్‌లో ఎక్కువ కంపెనీలు పోతాయనీ, ఒకటో రెండో మొత్తాన్ని లాగుతాయనీ వాళ్ళకి ముందే తెలుసు, అందుకే ప్రతి కంపెనీనీ ఆ ఒక్కటి ఇదే అన్నట్టు తోస్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళకి డబ్బిచ్చినవాళ్ళు ఆ పని కోసమే ఇచ్చారు.

రేపు ఎవరో వచ్చి 30 మిలియన్‌కి కొంటాం అన్నారనుకోండి. 70 శాతం చేతిలో ఉన్న మీ ఇద్దరికీ జీవితం సెటిల్ అయిపోతుంది, మొదటి షీట్‌వాడికి 6 మిలియన్ వస్తుంది, పెట్టినదానికి రెట్టింపు, కానీ 100 మిలియన్ ఫండ్‌లో అది ఏ మూలకి. ప్రొటెక్టివ్ ప్రొవిజన్స్ అనే పేరా ఉంటుంది చూడండి, కంపెనీ అమ్మాలంటే ప్రిఫర్డ్ షేర్లవాళ్ళ (ముందు తీసుకునే హక్కున్న ఇన్వెస్టర్ల) అనుమతి కావాలి అని రాస్తారు. వద్దనే హక్కు వాడి చేతిలో ఉంటుంది. వాల్యుయేషన్ కోసం వారం బేరమాడి ఈ పేరా చదవకుండా సంతకం పెట్టేవాళ్ళు ఉన్నారు.

మెయిల్‌చింప్ 2001లో మొదలై బయటి ఇన్వెస్టర్ లేకుండానే నడిచి 2021లో ఇంట్యూట్‌కి దాదాపు 12 బిలియన్‌కి అమ్ముడైంది. మీకు నెలకి 90 వేలు వస్తున్నాయి, సర్వీస్ పని కూడా దొరుకుతోంది, ఆ 3 మిలియన్ దేనికో ఒక్క పేజీలో రాయగలరా?

నాలుగోఉద్యోగి:

మెయిల్‌చింప్ కథ ప్రతిసారీ సగమే చెప్తారు. అక్కడ ఉద్యోగులకి షేర్లు లేవు, ఆ 12 బిలియన్‌లో ఓనర్లది ఓనర్లకే. సొంత డబ్బుతో నడపడం ఫౌండర్లకి గొప్పే, మా లాంటోళ్ళకి కాదు.

అలా అని వీసీ డబ్బున్న కంపెనీలో ఆప్షన్లు అనగానే మురిసిపోయేదీ లేదు. గుడ్ టెక్నాలజీ అని మొబైల్ సెక్యూరిటీ కంపెనీ, ఒకప్పుడు బిలియన్ పైనే వాల్యుయేషన్, 2015లో బ్లాక్‌బెర్రీ 425 మిలియన్‌కి కొనింది. ప్రిఫర్డ్ షేర్లవాళ్ళు ముందు వాళ్ళది తీసుకున్నారు, కామన్ షేర్లున్న ఉద్యోగులకి మిగిలింది కొంచెం, అంతకన్నా ఘోరం ఏంటంటే వాళ్ళలో కొందరు షేర్లకి పాత పెద్ద విలువ మీద ముందే ట్యాక్స్ కట్టేసి ఉన్నారు. మీరు 2ఎక్స్ పార్టిసిపేటింగ్ మీద సంతకం పెడితే 20 మిలియన్ కంపెనీ అని చెప్పి తీసుకునే ఆ మనిషి చేతిలో పెట్టేది ఇదే. ఇంటర్వ్యూలో నాలాంటోడు ఒకడొచ్చి మీ ప్రిఫరెన్స్‌ల కుప్ప మొత్తం ఎంత, పైనున్నవాళ్ళకి ఎంత పోయాక మాకు మొదలవుతుంది అని అడుగుతాడు. అడగనోడు వస్తే మీ అదృష్టం, వాడి దురదృష్టం.

క్యాప్‌టేబుల్‌పిచ్చోడు:

నాలుగోఉద్యోగి చెప్పింది 100 కరెక్ట్. దానికే ఇంకొంచెం కలుపుతా, వాల్యుయేషన్ అని పేపర్లో వచ్చే అంకె ఎలా పుడుతుందంటే, ఆఖరి రౌండ్‌లో అమ్మిన ఒక్క షేరు ధరని మొత్తం షేర్లతో గుణిస్తారు. కానీ ఆఖరి రౌండ్ షేరుకి ఉన్న రక్షణలు మీ షేరుకి లేవు కదా. రెండు రకాల సరుకుకి ఒకే ధర వేసి కూడినట్టు.

స్క్వేర్ 2015 నవంబర్‌లో ఐపీఓకి వచ్చింది, షేరు 9 డాలర్లు. అంతకుముందు ఏడాది ఆఖరి ప్రైవేట్ రౌండ్‌లో ఇన్వెస్టర్లు 15.46 పెట్టి కొన్నారు. వాళ్ళు నష్టపోయారా అంటే లేదు, వాళ్ళ కాగితంలో రాట్చెట్ ఉంది, ఐపీఓ ధర తగ్గితే ఆ తేడాకి అదనపు షేర్లు ఇవ్వాలని, అవి మిగతావాళ్ళ వాటాలోంచే వచ్చాయి. మీ రెండు షీట్లలోనూ యాంటీ డైల్యూషన్ (తర్వాత షేరు ధర తగ్గితే ఇన్వెస్టర్‌కి రక్షణ) అనే లైన్ వెతకండి, బ్రాడ్ బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ (కొంతవరకే సర్దుబాటు) అని ఉంటే పర్లేదు, ఫుల్ రాట్చెట్ (తేడా మొత్తం మీరే భరించాలి) అని ఉంటే ఫోన్ పెట్టేయండి.

ఇంకా ఎక్కువ వాల్యుయేషన్‌తో వచ్చే చిక్కు తర్వాతి రౌండ్‌లో తెలుస్తుంది. 20 మీద తీసుకుంటే ఇవాళ మీది 1.08 కి పద్దెనిమిదిన్నర రెట్లు. రెండేళ్ళకి మళ్ళీ డబ్బు కావాల్సొచ్చి అప్పటికి మార్కెట్ 10 రెట్లే ఇస్తుంటే, ఏఆర్ఆర్ 2 మిలియన్ అయినా మీరు ఉన్నచోటే ఉన్నట్టు. 6 రెట్లే ఇస్తే 3.3 మిలియన్ ఉండాలి, అదీ నెలకి 3 శాతం కారిపోతుంటే. మల్టిపుల్ మీ చేతిలో ఉండదు, 2022లో అమెరికా ఫెడ్ వడ్డీలు పెంచడం మొదలెట్టాక సాఫ్ట్‌వేర్ కంపెనీల మల్టిపుల్స్ ఎలా పడ్డాయో అందరం చూశాం. స్ట్రైప్ అంతటిది 2021లో 95 బిలియన్ మీద తీసుకుని 2023లో 50 మీద తీసుకోవాల్సొచ్చింది, మధ్యలో వ్యాపారం సగమైపోయిందా ఏంటి? కాలేదు, పెరిగింది. వాళ్ళు తట్టుకున్నారు, 1 మిలియన్ ఏఆర్ఆర్ ఉన్న కంపెనీకి డౌన్ రౌండ్ (ముందుకన్నా తక్కువ విలువకి డబ్బు తీసుకోవడం) అంటే ఆ తర్వాత ఇంకో రౌండ్ ఉంటుందో లేదో డౌటే.

పైగా మొదటి రౌండ్‌లోనే 2ఎక్స్ ఇచ్చారంటే తర్వాత వచ్చేవాడు నాకెందుకు ఇవ్వవు అంటాడు. ఆ కుప్ప పెరుగుతూనే పోతుంది.

రెండోఫౌండర్:

పార్ట్‌నర్ ఫోన్ చేశాడు. ఆ 20 మిలియన్‌కి అమ్మితే 8.1 అనే లైన్ దగ్గర చాలాసేపు సైలెంట్ అయ్యాడు. ఇప్పుడు వాడి ప్లాన్ ఏంటంటే రెండో షీట్ మీద సంతకం పెట్టి ఆ తర్వాత లాయర్ల దగ్గర ఆ 2ఎక్స్ తగ్గించుకుందాం, టర్మ్ షీట్ ఎలాగూ లీగల్‌గా కట్టిపడెయ్యదు కదా అని. వర్కవుట్ అవుతుందా?

సొంతసొమ్ము గారికి: ఒక్క పేజీ రాశాం, సేల్స్‌కి ఇద్దరు, సపోర్ట్‌కి ఒకరు, రెండో ప్రొడక్ట్. నిజం చెప్పాలంటే దానికి 3 మిలియన్ అక్కర్లేదు, 1.5 చాలేమో అనిపించింది.

పాతలెడ్జర్:

వర్కవుట్ కాదు. ధర, ప్రిఫరెన్స్ లాంటివి కట్టిపడెయ్యవు, నిజమే, కానీ నో షాప్ అనే క్లాజ్, గోప్యత క్లాజ్ మామూలుగా కట్టిపడేస్తాయి. నో షాప్ అంటే సంతకం పెట్టాక ఇన్ని రోజులపాటు ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. అంటే మొదటివాణ్ణి వదిలేసుకున్నాక బేరం మొదలుపెడతారన్నమాట, అప్పుడు మీ చేతిలో ఏముంటుంది? ఇవాళ రెండు షీట్ల మీదా సంతకం లేనప్పుడే అడగండి.

అడిగేది కూడా ధర కాదు. రెండోవాడికి వెళ్ళి 20 వద్దు, 16 పోస్ట్ చాలు, 1ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్, పూల్ 10 చెయ్యమనండి. ఒప్పుకుంటే వాడికి మీ కంపెనీ పెరుగుతుందన్న నమ్మకం ఉన్నట్టు. ఒప్పుకోకపోతే వాడు 20 అని రాసిందీ తక్కువ రేటుకి అమ్ముడుపోతారని అనుకునే, అందుకే ఆ 2ఎక్స్.

1.5 చాలు అనిపిస్తే మొదటివాణ్ణి అదే అడగండి, అదే 12 ప్రీ మీద 1.5 అయితే పోస్ట్ 13.5, వాడికి 11 శాతం. చాలామంది ఫండ్‌వాళ్ళు అంత తక్కువ వాటాకి రారు, పైన సొంతసొమ్ము చెప్పిన లెక్కే కారణం. కానీ అడిగితే పోయేదేమీ లేదు.

సొంతసొమ్ము:

అడిగే ముందు ఆ పావు వంతు కస్టమర్‌తో రెండేళ్ళ కాంట్రాక్టు సంతకం పెట్టించుకోండి. ఇన్వెస్టర్ ఎలాగూ రిఫరెన్స్ కాల్ కోసం ఫస్ట్ వాళ్ళకే ఫోన్ చేస్తాడు.